బోణీ వేళకు రాని నెట్

ఆ బుధవారం పొద్దున ఏడు గంటలకు బాలాత్రిపురసుందరి చేతిలో ఉన్నది ఇంతే. చిటికెనవేలు విరిగి, పాత జాకెట్టు గుడ్డతో కట్టు కట్టుకున్న ఎడమ చెయ్యి. ఏ దెబ్బా లేని కుడి చెయ్యి. ఒక బటన్ ఫోను. గోడకు చీరల మిల్లు వాళ్ళిచ్చిన కేలండరు. బోణీ వేళకు రెండు గంటల గడువు. కుడి చెయ్యి బాగుండడం కూడా ఆ గడువు మీద ఆధారపడిందే. నిన్న మొగుడు మునీంద్ర బట్ట కొలిచే మీటరు కడ్డీని తువ్వాలుతో తుడిచి, దేవుడి గూటి పక్కన ఆనించి పెడుతూ చెప్పాడు: "రేపు కూడా బోణీ పోయిందంటే ఆ రెండో చెయ్యి కూడా ఇట్లనే చేస్తా. లెక్క సరిగా ఉంటాది."

కోపంగా చెప్పలేదు. చీర రేటు చెప్పినట్టు చెప్పాడు. మునీంద్రతో వచ్చిన చిక్కే అది, బేరంలో ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోడు.

అతనికి చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగడి. మదనపల్లె, కదిరి, కోలారు వైపు చిన్న అంగళ్ళ వాళ్ళు పొద్దున్నే ఇంటి కంప్యూటర్‌కు మెసేజీలు పెడతారు. వాళ్ళకు ఫోటోలు పంపి, రేటు చెప్పి, మొదటి ఆర్డరు రాసుకునే పని సుందరిది. ఆ మొదటి ఆర్డరే బోణీ. తొమ్మిదిలోగా అది రాస్తేనే మునీంద్ర నిమ్మళంగా అంగడికి కదులుతాడు, లేకపోతే తిట్టుకుంటూ పోతాడు. బోణీ బేరం తిరిగిపోతే ఆ రోజంతా సరుకు కదలదని అతని తండ్రి నాటి నుంచీ నమ్మకం. ఈ పనికి సుందరికి జీతం లేదు. పొరపాటుకు మాత్రం జరిమానా ఉంది.

తండ్రి నాటి అలవాటు ఇంకొకటి కూడా ఆ ఇంట్లో ఉంది. చిక్కపేట సందుల్లో ఒక అంగట్లో నిప్పు పుడితే పది అంగళ్ళు బూడిదవుతాయి కాబట్టి బట్టల వ్యాపారి షట్టరు వేసేముందు కరెంటు మెయిన్ దించుతాడు. మునీంద్ర అంగట్లో దించినట్టే ఇంట్లోనూ రాత్రి పడుకునేముందు దించుతాడు. వంటింటి లైను మటుకు వదిలేస్తాడు, ఫ్రిజ్‌లో పాలు విరిగితే మళ్ళీ కొనాలి కనుక. కంప్యూటరు రోజూ అలా ప్రాణం పోయి, రోజూ పొద్దున మళ్ళీ లేస్తుంది. లేచిన ప్రతిసారీ వైఫై గుర్తు నిండుగా కనబడుతుంది, పేజీ మటుకు ఒక్కటీ తెరుచుకోదు. పది దాటాక, ఎవరూ ఏమీ చేయకుండానే, అన్నీ తెరుచుకుంటాయి. అప్పటికి మదనపల్లె వాళ్ళు ఇంకో అంగడి చూసుకుని ఉంటారు.

ఏడు నెలలుగా ఇదే వరస. "నేను ఇంట్లో ఉన్నంతసేపు నెట్ రాదంట. నేను అంగట్లో కాలు పెట్టంగానే వస్తాదంట. ఎవని చెవిలో పూలు పెడతావే? నేను పోయినాక ఎవనితో పని ఉండాది నీకు?" అంటాడు మునీంద్ర. అంటూనే కొడతాడు. మొదట్లో చేత్తో కొట్టేవాడు. ఒకరోజు చెయ్యి నొప్పెట్టింది కాబోలు, కడ్డీ అందుకున్నాడు. అది ఇత్తడి పొన్ను వేసిన ఇనప కడ్డీ, వాళ్ళ నాయన కాలంనాటిది. వీపు మీద పడితే పది సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున అచ్చు కూడా దిగుతుంది. సుందరి స్నానం చేసేటప్పుడు వేళ్ళతో తడుముకుంటే ఏ దెబ్బ ఎంత పొడుగో తెలిసేది.

అత్త పిల్లమ్మ పసుపూ సున్నమూ కలిపి తెచ్చి పట్టు వేసేది. వేస్తూ, "మొగోడు అంగడి తలనొప్పి ఇంట్లో దించుకుంటాడు అమ్మీ. సుమ్నే ఊరకుండు, ఎదురు చెప్పాకు" అనేది. సుందరి ఆ పట్టు వేయించుకునేది కానీ ఆమెతో మనసిచ్చి మాట్లాడేది కాదు. దానికి ఒక కారణముంది. నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం, ఇంట్లో అత్త తప్ప ఎవరూ లేనప్పుడు, సుందరి కంప్యూటర్లో మహిళా పోలీస్ స్టేషన్ ఎక్కడుందో వెతికింది. చూసి, వెంటనే చెరిపేసింది. ఆ సాయంత్రం మునీంద్ర చెప్పులు కూడా విప్పకుండా వచ్చి జుట్టు పట్టుకున్నాడు. "పోలీస్ స్టేషన్ అడ్రసు కావాల్నా నీకు?" అని గోడకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. వెనక నిలబడి చూసిన ముసలామే చెప్పి ఉంటుందని సుందరి లెక్క కట్టింది. ఆ రోజు నుంచి అత్త పేరు నష్టం కిందే రాసుకుంది.

సుందరి పట్టుగూళ్ళ దళారి కూతురు. ఆమె నాయన చిక్కమునియప్ప గూడును చెవి దగ్గర పెట్టి ఆడించి, లోపల పురుగు చచ్చిందో బతికిందో చెప్పేవాడు. "నష్టమొచ్చిన దినం తారీకు రాసి పెట్టు తల్లీ. మనిషి బొంకుతాడు, తారీకు బొంకదు" అనేవాడు. ఆ మాట పట్టుకుని సుందరి కేలండరు మీద దర్జీ సుద్దతో గుర్తులు పెడుతూ వచ్చింది. పొద్దున నెట్ రాకపోతే చుక్క. రోజంతా రాకపోతే ఇంటూ. దెబ్బలు పడితే నిలువు గీత. పాలవాడి లెక్క అనుకున్నాడు మునీంద్ర.

ఏడుంబావుకు మునీంద్ర స్నానానికి పోయాడు. తర్వాత పూజ. సుందరి వంటింట్లోకి పోయి బటన్ ఫోనులో సమీనాకు చేసింది. దసరా రద్దీకి సుందరిని అంగట్లో కూర్చోబెట్టినప్పుడు చీర కొనడానికి వచ్చి పరిచయమైన ప్రొద్దుటూరు అమ్మాయి సమీనా. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఆఫీసులో, కంప్యూటర్లు మొరాయిస్తే సరిచేయడమే ఆమె ఉద్యోగం. పోయిన వారం ఒకసారి ఫోనులోనే చెప్పి నెట్ సెట్టింగు ఏదో ఆఫ్ చేయించింది, అప్పటికప్పుడు నెట్ వచ్చింది, మర్నాడు కంప్యూటర్ లేచేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

"అక్కా, ఆ రోజు మనం ఆఫ్ చేసినాం కదా, అది మళ్ళీ ఆన్ అయిందా చూడండి."

"అయింది. రోజూ అయితాండాది."

"అంటే మీ సిస్టమ్ లేచినప్పుడల్లా దాన్ని ఎవరో మళ్ళీ పెడుతున్నారక్కా. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు, ఏమైనా గుర్తుందా?"

సుందరి భుజానికి ఫోను నొక్కిపెట్టుకుని ముందుగదిలోకి వచ్చి కేలండరు కాగితాలు తిప్పింది. ఇన్నాళ్ళూ చుక్కలూ గీతలూ లెక్కపెట్టింది గానీ ఇంటూలను వరసగా చూడలేదు. ఇంటూలు దాదాపు అన్నీ ఆదివారాల మీదే ఉన్నాయి. ఆదివారం కానివి మూడే మూడు. ఒకటి బంద్ జరిగిన రోజు. రెండోది మునీంద్ర పెదనాయన జయరామప్ప పోయిన రోజు. మూడోది అమావాస్యకని దేవనహళ్ళి చుట్టాల ఇంటికి పోయిన రోజు.

"సమీనా, అంగడి తీస్తే నెట్ వస్తాది. అంగడి మూస్తే పోతాది" అంది. తన నోటి వెంట వచ్చిన మాట తనకే చల్లగా తగిలింది.

"అంగట్లో కంప్యూటర్ ఉందా అక్కా?"

"ఉండాది. ఆయన పోయి మెయిన్ ఎత్తితే అది లేస్తాది."

"అక్కా, నేను చెప్పినట్టు ఒక్కొక్కటి నొక్కండి. తొందర లేదు."

తొందర ఉంది, స్నానాలగదిలో చెంబు చప్పుడు ఆగిపోయింది. సుందరి ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తోనే నొక్కుతూ పోయింది. కంప్యూటర్ లేవగానే వాటంతటవి నడిచే ఫైళ్ళన్నీ ఒకచోట ఉంటాయట. అక్కడ నాలుగు ఉన్నాయి. మూడింటి పేర్లు సమీనాకు తెలుసు. నాలుగో దాని పేరు 'దర్శన్'.

దర్శన్ ఆమె మరిది. ఏడు నెలల కిందట మునీంద్ర ఆమె పెద్ద ఫోనును నేలకేసి కొట్టి, మడమతో నలిపిన రెండోరోజు మైసూరుపాక్ పట్టుకుని వచ్చాడు. "వదినా, కంప్యూటర్ స్లో ఉండాదంట కదా, ఫాస్ట్ చేసి ఇస్తా" అని గంటసేపు కూర్చున్నాడు. సుందరి అతనికి రెండుసార్లు కాఫీ ఇచ్చింది. ఫైలు పుట్టిన తేదీ అదే.

సమీనా ఆ ఫైలు తెరిపించి, లోపలి నాలుగు వరుసలూ అక్షరం అక్షరం చదివించుకుంది. "అక్కా, మీ ఇంటి నెట్ నేరుగా బయటికి పోవడం లేదు. ముందు మీ అంగడి కంప్యూటర్ దగ్గరికి పోయి, అక్కడి నుంచి పోతుంది. మీరు ఏం చూసినా, ఏం రాసినా అక్కడ కనబడుతుంది. అంగట్లో సిస్టమ్ లేవకపోతే మీకు దారి లేదు. అందుకే పది దాటాక వస్తుంది. ఇంట్లో మీరు ఆఫ్ చేసినా, సిస్టమ్ లేవగానే ఈ ఫైలు మళ్ళీ ఆన్ చేస్తుంది."

సుందరి వింటూ కూర్చుంది. భార్య మీద నిఘాకని పెట్టిన కన్ను అంగట్లో ఉంది. నిప్పు భయంతో ఆ కన్నును రోజూ రాత్రి మూసేది అతనే, పొద్దున పది వరకూ తెరవనిదీ అతనే. తన బోణీని తనే ఆపుకుంటూ, ఆ నష్టం ఆమె వీపు మీద వసూలు చేశాడు. నిలువు గీతలు ముప్పై ఒకటి. పోలీస్ స్టేషన్ సంగతి మోసింది అత్త కాదు. నాలుగు నెలలుగా ఆ ముసలామె పేరున రాసిన నష్టం తప్పుడు లెక్క.

"తీసేయమంటారా అక్కా?"

"ఆగు. ముందు దానికి కాపీ తీయాల."

పెన్ డ్రైవ్ చీరల ఫోటోలదే ఉంది. ఫైలును అందులోకి ఎక్కించి, పెన్ డ్రైవ్ జాకెట్టులో దోపుకుని, అప్పుడు దాన్ని తీసేసి, పోయిన వారంలాగే సెట్టింగు ఆఫ్ చేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ లేపింది. ఏడు నెలల్లో మొదటిసారి, లేచిన కంప్యూటర్లో పేజీలు తెరుచుకున్నాయి. ఎనిమిది నలభైకి మదనపల్లె రామాంజనేయులు ఇరవై నాలుగు సిల్కు చీరలకు ఆర్డరు పెట్టాడు. ఆమె రేటు చెప్పింది, అతను ఒప్పుకున్నాడు, బోణీ పుస్తకంలో రాసింది.

పూజ గంట ఆగింది. మునీంద్ర విభూతి పెట్టుకుని వచ్చాడు, చేతిలో ఫోను, చంకలో కడ్డీ. ఫోనును బల్ల మీద పెట్టి తెర వైపు చూశాడు.

"వచ్చిందా?"

"వచ్చింది. బోణీ కూడా అయింది. రామాంజనేయులు, ఇరవై నాలుగు."

అతను పుస్తకం చూశాడు, తెర చూశాడు. ముఖంలో సంతోషం రాలేదు. కొనేవాడు రేటుకు ఒప్పేసుకుంటే ఇంకా ఎక్కువ చెప్పాల్సిందని నొచ్చుకునే అంగడివాడి ముఖం అది.

"అంగట్లో నేను లేకుండా ఎట్లొచ్చిందే?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అతను తెలిసే చేశాడని తేలిపోయింది. బోణీ చెడేది ఎందుకో తెలియకపోవచ్చు, దారి ఎటు నుంచి పోతుందో తెలుసు. "ఏం తీసినావు? ఎవడు చెప్పినాడు?" అంటూ కడ్డీ ఎత్తాడు. చూపు ఆమె కుడిచేతి మీదే ఉంది. నెట్ వచ్చింది, బోణీ వచ్చింది, అయినా కడ్డీ లేచింది. ఏడు నెలలుగా బాగుచేయాలని తను చూసిందేదీ ఈ దెబ్బకు కారణం కాదని సుందరికి ఆ క్షణంలో అర్థమైంది.

చెయ్యి లాక్కుంది. కడ్డీ కీబోర్డు మీద పడింది. అక్షరాల మీటలు పళ్ళు రాలినట్టు నేల మీద రాలాయి. రెండో దెబ్బ భుజం మీద పడింది, మూడోది చెవి పక్కన. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది. నాలుగోదానికి ఆమె కడ్డీ కొస పట్టుకుంది. విరిగిన వేలు గుడ్డలో కలుక్కుమంది, అయినా వదల్లేదు. రెండు చేతులతో మెలిపెట్టింది. పూజ తీర్థం తీసుకుని వచ్చిన అతని అరచెయ్యి ఇంకా తడిగా ఉంది, కడ్డీ జారి ఆమె చేతికి వచ్చేసింది.

ఆమె కడ్డీ ఎత్తింది. మునీంద్ర రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అడ్డం పెట్టుకోవడం అతనికి బాగా తెలుసు. ఆ దెబ్బ ఎంత నొప్పో తెలిసినవాడే అలా అడ్డం పెట్టుకుంటాడు.

కడ్డీ బల్ల మీది అతని ఫోను మీదికి దిగింది. ఒకసారి, రెండుసార్లు, అద్దం పొడి అయ్యేదాకా. ఒక ఫోనుకు ఒక ఫోను. ఆ పద్దు అక్కడికి సరి. ముప్పై ఒక్క గీతల పద్దును ఈ కడ్డీతో తేల్చుకోవచ్చు. కానీ అతను చూపించిన తక్కెడలో తూకం వేయడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

కేలండరును మేకు నుంచి పీకి చుట్టింది. కడ్డీ చంకలో పెట్టుకుంది. గుమ్మం పక్కన బోర్డు దగ్గర ఆగి మెయిన్ దించింది. ఫ్యాను ఆగింది, తెర ఆరిపోయింది. అంగడి మూసేటప్పుడు అలాగే చేయాలి.

"యాడికే?" అన్నాడు మునీంద్ర. కదల్లేదు. ఫోను ముక్కలు ఏరుకుంటున్నాడు.

మెట్ల మీద పిల్లమ్మ నిలబడి ఉంది. సుందరి ఆగింది. "అత్తా, మీరు చెప్పినారనుకుంటి. నాలుగు నెలలు అట్లనే అనుకుంటి" అంది.

పిల్లమ్మ కడ్డీ వైపు చూసింది, పొన్ను మీద వేలు పెట్టి రాసింది. "మీ మామ చేతిలో ఉన్నింది కూడా ఇదే. పట్టుకపో. దాంట్లో నా లెక్క కూడా ఉండాది" అని దారి ఇచ్చింది.

ఇనప కడ్డీతో మెట్రో ఎక్కనివ్వరు కాబట్టి సుందరి ఆటో పిలిచింది. మహిళా పోలీస్ స్టేషన్‌లో టేబుల్ వెనక కూర్చున్న ఆమె పేరు శ్వేత. కేలండరు ఒక్కో కాగితం తిప్పి గీతలు లెక్కపెట్టింది, పెన్ డ్రైవ్‌ను కవరులో పెట్టింది, కడ్డీని గోడకు ఆనించి ఎడమ చెయ్యి చూసింది. "ఎక్స్‌రేకు పంపిస్తానమ్మా. ఆ చెయ్యి ఇట్ల ఉండాది, సంతకం పెట్టేకి అవుతాదా?"

సుందరి లెక్క కూడి, తీసి చూసుకుంది. ఇల్లు పోయింది. పన్నెండేళ్ళ జీతం లేని పని తిరిగి రాదు. ఒక వేలు వంకరగానే ఉండొచ్చు. వచ్చినవి: తారీకులున్న కాగితాలు ఏడు, తప్పుగా రాసుకున్న ఒక అత్త, అడగకుండానే ఆమె వదిలిన ఒక దారి. ఇవి పోను చేతిలో మిగిలింది ఒకటి.

"అవుతాది" అని, విరగని కుడి చెయ్యి చాచి పెన్ను అందుకుంది.