ఓడినవాడి టీ

దర్జీ కొట్లో టీవీ ఉంది గాని దానికి నోరు లేదు. టెస్టు మ్యాచి మొదలయ్యే రోజున తొలి బంతి పడకముందే దర్జీ రిమోటు అందుకుని సౌండు పూర్తిగా తీసేసేవాడు. అది కండక్టరు పెట్టిన చట్టం. టీవీలో మాట్లాడేవాళ్ళు ఆట సంగతి చెప్పరని, తమ కాలంలో తాము ఎంత పొడిచారో చెప్పుకుంటారని అతని ఫిర్యాదు. వాళ్ళ సోది వినేకాడికి తానెందుకని అడిగేవాడు. అడిగి, గోడవారన ఇనప కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఆట తానే చెప్పేవాడు.

బస్సులో కండక్టరుగా పనిచేసి దిగిపోయినవాడు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి అరిస్తే ముందున్న డ్రైవరు ఉలిక్కిపడే గొంతు. అందరూ మైకు అనేవాళ్ళు. పేసు బౌలరు దూరంగా నడిచిపోతుంటే, 'రివర్సులో పోతున్నాడు, వెనక ఎవరన్నా ఉంటే తప్పుకోండి' అనేవాడు. ఫీల్డర్లు ఒకే చోట మూగితే, 'వెనకంతా ఖాళీయే, లోపలికి జరగండి' అని కసిరేవాడు. వికెట్ పడితే జేబులోంచి తాళంచెవి తీసి కుర్చీ చేతి మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టేవాడు. బస్సు ఆపడానికి కడ్డీ మీద కొట్టినట్టు. బ్యాట్స్‌మన్ దిగిపోయాడని దానర్థం.

దర్జీ మాటకారి కాడు. తల వంచుకుని మిషను తొక్కుతూ వింటాడు. బౌలరు పరుగు అందుకోగానే కాలు ఆగుతుంది, తల లేస్తుంది. బంతి అయిపోగానే మళ్ళీ కాలు కదులుతుంది. మధ్యలో ఒక్క ముక్క అంటాడు, అదీ అడ్డంగా. కండక్టరు స్లిప్పులో ఇంకొకణ్ణి పెట్టాలంటే, దర్జీ ఉన్నవాణ్ణి కూడా తీసెయ్యమంటాడు. కొత్త బంతి తీసుకోవాలని ఇతనంటే, పాతదే నయమని అతనంటాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఆ బెంచీ మీద మొదలైన తగువు తలలు నెరిసినా తెగలేదు. తెగకూడదనే ఇద్దరి పట్టుదలా.

వాదనలో ఓడినవాడు టీ తేవాలని పందెం. టీ బడ్డీ రోడ్డుకు అవతల ఉంది. దర్జీ ఓడితే చెప్పులేసుకుని బళ్ళ మధ్యలోంచి దాటి వెళ్ళి, గ్లాసులు పట్టుకుని రావాల్సిందే. కండక్టరు ఓడితే కొట్టు మెట్టు మీద నిలబడి గడ్డమెత్తి, "నాలుగు! ఒకటి పంచదార లేకుండా!" అని ఒక్క కేక వేసేవాడు. హారన్ల మీదుగా ఆ కేక అవతలికి చేరేది. బడ్డీవాడు తలూపేవాడు, గ్లాసులు వచ్చేవి. ఓడినా కాలు కదపడు వీడు, ఇదెక్కడి న్యాయమని దర్జీ ఎప్పుడూ సణిగేవాడు. రోజూ అక్కడికి చేరే మరిద్దరు, రిటైరైన లెక్కల మాస్టారు, పక్క షెడ్డులో పనిచేసే మెకానిక్, ఈ కేసులో తీర్పు చెప్పలేక నవ్వేసేవాళ్ళు.

కండక్టరు గొంతు మొదట బొంగురుపోయింది. దుమ్ము అన్నాడు. ముసురు అన్నాడు. ఆసుపత్రివాళ్ళు గొంతులో గడ్డ అన్నారు. ప్రాణం కావాలా, మాట కావాలా అన్నంత పని చేసి, మాటను తీసేసి ప్రాణాన్ని ఉంచారు. ఇప్పుడు అతను ఊపిరి తీసేది మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి. ముక్కుకూ నోటికీ ఊపిరితో పని లేదు.

రంధ్రం మీద కట్టుకోవడానికి ఇచ్చిన గుడ్డ ఒరుసుకుపోతోందని అతని భార్య కొట్టుకు వచ్చింది. "అన్నయ్యా, మెత్తగా నువ్వేమైనా కుట్టిపెట్టగలవా?" అంది. దర్జీ మల్లు గుడ్డ ఉతికి, ఆరేసి, మళ్ళీ ఉతికాడు. ఒక్క మడత అయితే దుమ్ము లోపలికి పోతుంది. మూడు అయితే ఊపిరి ఆడదు. ఒక్కొక్కటీ తన నోటికి అడ్డం పెట్టుకుని గాలి పీల్చి చూసి, రెండు మడతల దగ్గర ఆగాడు. మెడ వెనక ముడి గుచ్చుకోకుండా నాడాలు చదునుగా కుట్టాడు. చాలాకాలంగా అంత నెమ్మదిగా అతను ఏదీ కుట్టలేదు.

ఆ తరవాత వచ్చిన మొదటి టెస్టుకు కండక్టరు కొట్టుకు వచ్చాడు. మెడకు దర్జీ కుట్టిన గుడ్డ, చంకలో కోడలు కొనిచ్చిన పలక. అతను గుమ్మంలో అడుగుపెట్టగానే మాస్టారు లేచి నిలబడ్డారు. మెకానిక్ కూడా లేచాడు. ఆ కొట్లో ఒకరికోసం ఇంకొకరు లేవడం అదే మొదలు. దర్జీ ఏం చెయ్యాలో తోచక టీవీ సౌండు పెట్టేశాడు. కొట్టు మూగగా ఉంటే మనిషికి కష్టంగా ఉంటుందనుకున్నాడు. కండక్టరు రిమోటు వంక ఒకసారి చూసి, తన కుర్చీలో కూర్చున్నాడు.

పలక మీద వాదన సాగదు. అతను వంగి అక్షరాలు దిద్దేసరికి ఓవరు అయిపోయేది. ఫైన్ లెగ్‌ను దగ్గరికి తేవాలని రాసి పైకెత్తేసరికి, అక్కడ ఫైన్ లెగ్గూ లేడు, ఆ బౌలరూ లేడు. అయినా మాస్టారు చదివి, చాలా బాగా చెప్పారన్నారు. మెకానిక్ తలూపాడు. దర్జీ కూడా మిషను ఆపి, "నువ్వన్నదే రైటురా" అన్నాడు. కండక్టరు అతనివైపు చాలాసేపు చూశాడు. తరవాత పలక తుడిచేశాడు.

రెండో రోజూ అంతే. అతనేది రాస్తే అది వేదం. టీలు ఎవరో ఒకరు ముందే తెచ్చిపెడుతున్నారు. ఎవరు ఓడారన్న ప్రశ్నే లేదు. వేడి గ్లాసు చేతిలో పట్టుకుని కండక్టరు ఊరికే కూర్చునేవాడు. మునుపు ఉఫ్ ఉఫ్ మని ఊదుకుని తాగేవాడు. ఇప్పుడు ఊదడానికి నోట్లో గాలి లేదు. దానంతట అది చల్లారేదాకా చూడాలి. అది చూసి మిగతావాళ్ళు తలలు తిప్పుకునేవాళ్ళు.

మూడో రోజు మధ్యాహ్నం, అవతలి జట్టు మనవాళ్ళను చితగ్గొడుతుండగా, కండక్టరు పలక మీద పెద్ద అక్షరాలతో రాసి పైకెత్తాడు. కీపర్ చేత బౌలింగ్ వేయించాలి.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "వేయించొచ్చు. తప్పేముంది" అన్నారు. మెకానిక్ కూడా, అప్పుడప్పుడు అలాంటివే పనిచేస్తాయన్నాడు. కండక్టరు పలకను దర్జీవైపు తిప్పి పట్టుకున్నాడు. దర్జీ చదివాడు. గొంతు దాకా వచ్చిన మాటను, మెడ మీది తెల్ల గుడ్డ చూసి మింగేశాడు. "అదీ ఒక ఎత్తే" అన్నాడు.

కండక్టరు లేచి, పలకను కుర్చీలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు రాలేదు. కుర్చీలో పలక అలాగే ఉంది. అందులో మాట చెరగలేదు. దాన్ని తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ చాలలేదు. సాయంత్రం అతని భార్య వచ్చింది. ఇంట్లో టీవీ పెట్టనివ్వడం లేదని, గోడవైపు తిరిగి పడుకున్నాడని, అన్నం ముందు పెడితే కంచం జరిపేశాడని చెప్పింది.

"ఇక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా అన్నయ్యా?"

"ఎవరం ఏమీ అనలేదమ్మా" అన్నాడు దర్జీ.

అన్నాక ఆ మాట అతని చెవుల్లోనే ఉండిపోయింది. ఆమె వెళ్ళాక ఒక చొక్కాకు కాలరు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టాడు.

అయిదో రోజు పొద్దున కొట్టు తెరవకుండా నేరుగా కండక్టరు ఇంటికి వెళ్ళాడు. కండక్టరు వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. దర్జీ కూర్చోలేదు. కొత్తగా కుట్టిన గుడ్డల పొట్లం అతని పక్కన పడేశాడు.

"కీపర్ చేత బౌలింగేంట్రా? బుర్రుందా నీకు? పోనీ నోరు జారావనుకుందామంటే, పలక మీద రాసి మరీ పరువు తీసుకున్నావు."

కండక్టరు తలెత్తాడు.

"ఇవాళ మనవాళ్ళు రోజంతా నిలబడితే డ్రా. నిలబడరు. నిలబడతారని నువ్వంటావు, నాకు తెలుసు. వస్తే వచ్చి అను. రాకపోతే ఓడిపోయావని అందరికీ చెప్తా."

జవాబు కోసం ఆగకుండా దర్జీ మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగాక గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

లంచికి ముందే కండక్టరు వచ్చాడు. ఈసారి ఎవరినీ లేవవద్దని దర్జీ ముందే చెప్పి ఉంచాడు. కుర్చీలో పలక లేదు, అరలో గుండీల డబ్బా వెనక పడి ఉంది. దర్జీ రిమోటు తీసి సౌండు సున్నాకు దించాడు. రోడ్డు మీది చప్పుడూ మిషను చప్పుడూ మిగిలాయి.

కండక్టరు పెదవులు కదిపాడు. చేతులు తిప్పాడు. తొడ చరిచాడు. దర్జీకి అందులో సగం అర్థమైంది, సగం కాలేదు. కానిదానికి కూడా కాదనే అన్నాడు. ఒకసారి అతను అననిదాన్ని అన్నట్టు పట్టుకుని ఖండించబోతే, కండక్టరు బల్ల మీది కత్తెర తీసి ఠంగుమని కొట్టి, మొదట్నుంచీ మళ్ళీ చెప్పాడు. ఊరుకోండి, ఆయనతో వాదనేంటని మెకానిక్ మెల్లగా గొణిగాడు. అతనికంత బాధగా ఉంటే షెడ్డుకు పోవచ్చని దర్జీ అన్నాడు.

సాయంత్రానికి తొమ్మిది వికెట్లు పడ్డాయి. ఇంకా కొద్ది ఓవర్లు మిగిలాయి. ఒక చివర పొద్దుటి నుంచీ పాతుకుపోయిన పొడుగాయన. రెండో చివర ఆఖరివాడు, బౌలరు. పొడుగాయన ఓవరు చివరి బంతికి తప్ప పరుగులు వస్తున్నా తియ్యకుండా, ఆఖరివాణ్ణి కాచుకుంటూ అన్ని బంతులూ తానే ఆడుతున్నాడు. అదే పద్ధతి అన్నాడు దర్జీ. ఆఖరివాడి చేతిలో బ్యాటుంటే ఒకటే, చీపురుంటే ఒకటే అన్నాడు.

కండక్టరు అడ్డంగా తలూపాడు. పొడుగాయన మోకాళ్ళు చూపించాడు, అలిసిపోయాడని. తరవాత ఆఖరివాడివైపు వేలు పెట్టి, ఆ వేలితోనే తన గుండె మీద కొట్టుకున్నాడు. వాడూ మనిషే. వాణ్ణి నమ్మాలి. పరుగు తియ్యాలి. ఇది మాత్రం దర్జీకి పూర్తిగా అర్థమైంది. అర్థమై, కుట్టు మీదికి తల వంచాడు.

"నమ్మితే మునుగుతారు" అన్నాడు.

తరవాతి ఓవరులో మూడో బంతికి పొడుగాయన పరుగు తీశాడు. కండక్టరు తొడ చరిచాడు. ఆఖరివాడు ఒక బంతి ఆపాడు. ఇంకొకటి వదిలేశాడు. కండక్టరు కుర్చీ అంచుకు జరిగాడు. ఆఖరి బంతి లోపలికి వచ్చి మధ్య స్టంపు పడగొట్టింది.

తెర మీద అవతలివాళ్ళు చప్పుడు లేకుండా గంతులేశారు. ఆఖరివాడు కదలకుండా నిలబడి ఉన్నాడు. పొడుగాయన వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మునుపైతే ఈ చోట ఒక గొంతు ఏదో అనేది, ఏడుపొచ్చేదాన్ని కూడా నవ్వులోకి తిప్పేది. అందరూ దానికోసమే ఆగినట్టు ఆగారు.

మాస్టారు జేబులో చెయ్యి పెట్టి, టీ తాను తెప్పిస్తానన్నారు. మెకానిక్ లేచాడు.

"కూర్చో" అన్నాడు దర్జీ. "ఓడింది వాడు. వాడే తేవాలి."

కండక్టరు దర్జీ మొహంలోకి చూశాడు. లేచి, పంచె సర్దుకున్నట్టు ప్యాంటు పైకి లాక్కుని, గుమ్మం దాటి మెట్టు మీద నిలబడ్డాడు. అలవాటు కొద్దీ గడ్డమెత్తాడు. ఛాతీ నిండింది. మెడ మీది తెల్ల గుడ్డ ఉబ్బి, మళ్ళీ అతుక్కుంది. అవతల బడ్డీవాడు తలెత్తలేదు.

అతను కొంచెంసేపు అలాగే ఉన్నాడు. తరవాత మెట్టు దిగాడు.

బళ్ళు ఆగేదాకా నిలబడి, రోడ్డు దాటి, బడ్డీ ముందు గుంపు వెనక చేరాడు. నాలుగు వేళ్ళు పైకెత్తాడు. బడ్డీవాడు పాలు పైనుంచి వంచుతూ, అరిచినవాళ్ళకు అరిచినట్టు ఇస్తున్నాడు. వెనకొచ్చినవాళ్ళు తీసుకుని పోతున్నారు. నాలుగు వేళ్ళూ అలాగే పైన ఉన్నాయి. ఇక్కణ్ణుంచి ఒక్క కేక వేస్తే చాలు. దర్జీ నోరు తెరిచాడు, మూసుకున్నాడు. అతని కాళ్ళు మిషను తొక్కుతున్నాయి. సూది కింద గుడ్డ లేదు.

"రాతిగుండెయ్యా నీది" అన్నారు మాస్టారు.

అప్పుడు వినిపించింది. టక్ టక్. బడ్డీ ఇనప రాట మీద తాళంచెవితో రెండు దెబ్బలు. బడ్డీవాడు గరిటె ఆపి తలెత్తాడు. గుంపు కూడా తిరిగి చూసింది. కండక్టరు నాలుగు వేళ్ళు చూపించాడు, తరవాత ఒక వేలు చూపించి పంచదార డబ్బా వంక వద్దని చెయ్యి ఊపాడు.

గ్లాసుల తీగబుట్ట పట్టుకుని అతను రోడ్డు దాటి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. ఎవరి గ్లాసు వాళ్ళకిచ్చి, తనది తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఊదక్కర్లేదు. నేరుగా తాగాడు.

దర్జీ ఒక గుటక వేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చల్లారి చచ్చింది. దీనికంటే గేదెల కుడితి నయం."

కండక్టరు పెదవులు కదిలాయి. పలక అక్కర్లేదు, ఆ మాట దర్జీకి బడి బెంచీ నాటి నుంచీ తెలుసు. అది దర్జీ పుట్టుకకు సంబంధించినది. ఎప్పుడు అన్నా దాని వెనకే వీధి చివరకు వినిపించే నవ్వు ఒకటి వచ్చేది. ఇప్పుడు భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. మెడ మీది గుడ్డ టపటపలాడింది.

దర్జీ తల వంచి సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు. దారం పొద్దుటి నుంచీ ఎక్కే ఉంది.