అద్దం మీద మూడు చుక్కలు

పాత కార్ల ర్యాలీ బెంగళూరు నుంచి వచ్చి మధ్యాహ్నం పన్నెండింటికి వల్లూరు సోలార్ పార్కు గేటు ముందు ఆగింది. పదిహేను కార్లు. పార్కులో సోలార్ ప్లేట్లు తుడిచే కాటమ్మ అన్నింటినీ దాటుకుని పోయి చివరి కారు దగ్గర నిలబడింది. నీలం రంగు, రెండే సీట్లు, కప్పు ఆమె నడుముకు కాస్త పైన. అరవై ఏళ్ల కిందట ఫ్రాన్సులో చేసిన రేసు కారని గేటు దగ్గర చెప్పుకున్నారు.

"మా పొట్టేలు దీనికన్నా పొడుగు గదే," అంది తోటి పనామె అంజినమ్మ.

"నగొద్దులే. ఆ వంపు చూడు, యాడా అతుకు లేదు. ఇంజిను యెనకాల పెట్టినారు."

అంజినమ్మ నీడకు పోయింది. కాటమ్మ కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. ముందు అద్దం మూలన మూడు తెల్ల చుక్కలు కనిపించాయి. పక్షి రెట్ట అనుకుంది. ప్లేటు మీద రెట్ట ఉంటే కరెంటు తగ్గుతుంది. నాలుగేళ్లుగా ఆమె చూసి వదిలేసిన రెట్ట లేదు. ఎండకు కాగిన అద్దం మీద నీళ్లు పోయకూడదు. భుజం మీది గుడ్డ తీసి పొడిగానే తుడిచింది.

భోజనాలయ్యాక గొడవ మొదలైంది. ఆగిన ప్రతిచోటా ర్యాలీ నిర్వాహకుడు తడి సుద్దతో అద్దం మీద ఒక చుక్క పెడతాడు. చుక్కలు లేకపోతే కారు పోటీలో లేనట్టే. నీలం కారు యజమాని, తలంతా నెరిసినాయన, అద్దం ముందు నిలబడిపోయాడు.

సూపర్‌వైజర్ గంగాధర పనివాళ్ల వైపు తిరిగాడు. "మనోళ్లు ఎవరన్నా ముట్టుకొనింటే ఈపొద్దుతోనే పని బంద్."

అంజినమ్మ కాటమ్మ చేయి గిల్లింది. "గమ్మునుండు."

"నేనే తుడిచినానప్పా," అంది కాటమ్మ. "రెట్ట అనుకుంటి. మూడుండె."

మూడని ఎలా నమ్మాలని నిర్వాహకుడు కన్నడంలో అడిగాడు.

కాటమ్మ గుడ్డ విప్పింది. ఒక రెట్ట తుడిచిన మడతతో ఇంకొకటి తుడవరు. ఇసుక అంటుకుని ఉంటే అద్దం గీసుకుపోతుంది. మూడు మడతల్లో మూడు తెల్ల మరకలున్నాయి.

నిర్వాహకుడు మరకలను వేలితో రాసి చూశాడు. సుద్దే. అద్దం మీద మూడు చుక్కలు మళ్లీ పెట్టి, వల్లూరుకు నాలుగోది పెట్టాడు.

యజమాని తలుపు తీసి సీటు చూపించాడు. కాటమ్మ తన చీర మీది దుమ్ము చూసుకుంది.

"చూసినాను సామీ, చాలు."

కార్లు బయలుదేరాయి. మట్టిదారి దుమ్ము లేచి మొదటి వరస ప్లేట్ల మీద పడింది. గంగాధర ఆ వరసను చూశాడు, తర్వాత కాటమ్మను చూశాడు.

"రేపు పొద్దున ఐదింటికి వచ్చేయ్. ఆ వరస నీదే."