నీళ్ళ వాటం

పొద్దున ఆరింటికి చంద్రమోహన్ ముందుగది బాత్రూంలో తలస్నానం చేస్తాడు. ఐదు నిమిషాలు తిరక్కుండానే ఆ సబ్బు నురగ ఇంటి వెనుక, గిన్నెలు తోమే చోట, నేల జాలీలోంచి బుడబుడమంటూ పైకి లేస్తుంది. నురగ ఒక్కటే అయితే అతని భార్య వనజకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. దాని వెనకాల ఏమేం వస్తాయో చెప్పుకోవడానికే సిగ్గు. ముక్కుకు కొంగు చుట్టుకుని, మగ్గుతో ముంచి, బకెట్లోకి ఎత్తి పెరటి కాలువలో పారబోస్తుంది. ఎనిమిది నెలలుగా ఇదే పని. తర్వాత చేతులు మూడుసార్లు రుద్దుకుని, ఏఎన్ఎం చీర కట్టుకుని ఊళ్ళ మీదికి పోయి, నీళ్ళు కాచి చల్లార్చి తాగాలమ్మా అని ఆడవాళ్ళకు చెబుతుంది. చెబుతుండగానే వేళ్ళ సందుల్లో దురద మొదలవుతుంది.

జనగామలో లైసెన్సున్న ప్లంబర్లు లేక కాదు. పాత పైపులు మార్చాల్సి వచ్చినప్పుడు వనజే పాపయ్యను పిలిపించింది. ఆయన ఇల్లంతా కొలిచి, పైపు ఎటునుంచి ఎటు పోవాలో కాగితం మీద గీసిచ్చాడు. చంద్రమోహన్ ఆ కాగితం కొనను మెలితిప్పి చెవిలో గులిమి తీసుకున్నాడు. "నల్లా బిగిచ్చుటానికి గుడ లైసెన్సేందే? మన మధుకర్ లేడా?" మధుకర్ అతని మేనమామ కొడుకు. అంతకు ముందటేడు దాకా బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాడు. డ్రిల్లింగ్ మిషన్ ఒకటి కొని, కార్డు మీద కాంట్రాక్టర్ అని అచ్చేయించుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నెలరోజులు ఇల్లంతా తవ్విపోశాడు. ఆ నెలంతా వాడికి వండిపెట్టింది ఎవరో వేరే చెప్పాలా?

నీళ్ళు ఎదురు తంతున్నాయంటే వాడు నవ్వాడు. "అన్నం మెతుకులు పోస్తున్నవక్కా. పైపు జామైంది." అత్త యాకమ్మ, "మేము బాయిల నుంచి తోడి బతికినం. నీకు నాలుగు మగ్గులు బరువైనయా?" అంది. చంద్రమోహన్‌ది ఇంకో బాధ. "పనోన్ని మార్చినమంటే మా మామ మొఖం ఎట్ల జూడాలె?" మామ మొహం చూడ్డానికి ఆయనకు సిగ్గు. పెళ్ళాం దేంట్లో చేతులు పెడుతోందో చూడ్డానికి లేదు.

ఇదంతా ఆమె ఇంకా కొన్నాళ్ళు మోసేదేమో. ఒకరోజు జ్వరంతో లేవలేకపోయింది. కళ్ళు తెరిచి కిటికీలోంచి చూసేసరికి తొమ్మిదో తరగతి చదివే కూతురు శృతి, స్కూలు డ్రెస్సు మోకాళ్ళ దాకా ఎగదోపి, జాలీ దగ్గర ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో మగ్గు ముంచుతోంది. పక్కనే యాకమ్మ మెచ్చుకుంటోంది. "మంచిగ ఎత్తుతున్నవ్ బిడ్డా. ఆడపిల్లకు అన్నీ రావాలె." గదిలో చంద్రమోహన్ తల దువ్వుకుంటున్నాడు.

జ్వరం తగ్గగానే పాపయ్యను మళ్ళీ పిలిచింది. ఆయన రెండు చోట్ల తవ్వి, పైపు వాలు చూసి తల కొట్టుకున్నాడు. "వాటం ఉల్టా ఇచ్చిండమ్మా. నీళ్ళు బయటికి పోకుండ నీ దిక్కే వస్తున్నయ్. ఇంటిమొత్తంల గిదే పల్లం."

కాపురానికొచ్చిన పదహారేళ్ళుగా తనకు తెలిసిన సంగతిని ఒక పరాయి మగాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఈ ఇంట్లో ఎవరి కోపమైనా, ఎవరి రోగమైనా, ఎవరి మురికైనా తన దిక్కే పారింది. దానికి మధుకర్ ఒక్కడే కారణం కాదు.

"గీ జాలీ మూసేస్తే?" అని అడిగింది.

"అట్ల జెయ్యకమ్మా. ముందటి బాత్రూంల లేస్తది."

వనజ చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆదివారం చంద్రమోహన్ వాళ్ళ పై ఆఫీసర్ కృపాకర్, తన భార్య ఉమతో కలిసి భోజనానికి వస్తున్నాడు. వాళ్ళు ఇల్లు కడుతున్నారు. మధుకర్ పనితనం చూపించి ఆ కాంట్రాక్టు ఇప్పించాలని చంద్రమోహన్ ఆరాటం. వాడినీ భోజనానికి పిలిచాడు. ఇంకొక ఇల్లు, ఇంకొక ఆడదాని పెరడు. శనివారమే వనజ హార్డ్‌వేర్ షాపుకు పోయి పైపు మూత, దాన్ని అతికించే జిగురు తెచ్చింది. ఆ జిగురును షాపులో సొల్యూషన్ అంటారు. పేరు బాగానే పెట్టారు. ఆదివారం జాలీ తీసి, పైపు మూతికి జిగురు పూసి, మూత బిగించింది. పగ అంటే పగే, దానికి ఇంకో పేరు పెట్టుకోవాలని ఆమెకు అనిపించలేదు.

మటన్ వండి అందరికీ వడ్డించాక, వంటింటి సింకు నల్లా ధారగా వదిలి వచ్చింది. తనకూ ఒక పళ్ళెం పెట్టుకుని, కూతురితో పాటు ఉమ పక్కనే కూర్చుంది. మగవాళ్ళ పంక్తిలో ఆమె కూర్చోవడం చంద్రమోహన్ అదే మొదటిసారి చూశాడు. అయినా ఆఫీసర్ ముందు ఏమంటాడు?

"నీళ్ళు ఎటు పొమ్మంటే అటు పోతయ్ సార్ మా మధుకర్ పనిల," అంటున్నాడు.

అవి ముందుగది గడప దాటి హాల్లోకి వచ్చాయి. ముందు వాసన, తర్వాత నల్లగా నీళ్ళు. కృపాకర్ కాళ్ళు పైకెత్తుకున్నాడు. ఉమ ముక్కు మూసుకుని బయటికి నడిచింది. మధుకర్ లేచి ఎంగిలి చేత్తోనే గుమ్మం వైపు జరిగాడు.

"వనజా! ఏం జూస్తున్నవే, జల్ది రా!" చంద్రమోహన్ అరిచాడు.

వనజ మూలుగ బొక్క జుర్రుతోంది. శృతి అలవాటుకొద్దీ లేచింది. వనజ ఎడమ చేత్తో దాని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"కూసో బిడ్డా, తిను. అవి మీ నాయిన నీళ్ళు. ఆయిననే ఎత్తుకోనీ."