సందు విడవని చేయి

జహీరాబాదు చుట్టుపట్ల చెరకు వేసిన రైతు పొద్దున లేచి శివుని తలచిన నోటితోనే వీరప్పను తలచేవాడు. గానుగ మొరాయిస్తే వీరప్ప, రోలరు అరిగితే వీరప్ప. ఆయన లేతు మీద చెక్కి బిగించిన రోలర్ల నడుమ దూరిన చెరకుగడ అవతలికి వచ్చేసరికి ఎండుపుల్లలా గలగలమనేది. "వీరప్ప బిగించిన గానుగల పిప్పిని చీమ గూడ వాసన చూడది" అని కోహీరు రైతులు చెప్పుకొని మురిసేవారు. నొసట మూడు విభూతి రేఖలు, మెడలో ఇష్టలింగం, ఏభైయేళ్ల వయసులోనూ వణకని చూపుడువేలు. సందు విడవని చేయి అని ఆయనకు పేరు. మనిషికి ఏ పేరు కీర్తి తెస్తుందో ఆ పేరే ఒక్కొక్కప్పుడు కాలికి సంకెల కూడా అవుతుంది.

విదేశీ సామాను రాకకు సర్కారు కట్టడి పెట్టిన రోజులవి. ఊరవతల వాడ అని పిలిచే పెద్ద ప్రహరీ ఇంట్లో ఉండే పటేలు కాలం చేయగా, బొంబాయిలో చదువుకొంటున్న కొడుకు బస్వరాజ్ భూములు చూసుకోవడానికి తిరిగివచ్చాడు. వెంట ఒక ఇంగ్లీషు కారును తెచ్చాడు. ఇద్దరే కూర్చొనే కారు, పైకప్పు లేదు, నేలను నాకుతున్నట్లు పోతుంది. ఆ పచ్చని కారు పోతుంటే బండ్లవాళ్లు ఎద్దుల ముకుతాళ్లు బిగబట్టి నిలబడేవారు. అంతటి కారున్నా బస్వరాజ్ మనసులో ఒక ముల్లు ఉంది. మద్రాసు దగ్గర విమానాలు దిగే పాత మైదానంలో ఏటేటా కార్ల పందెం జరుగుతుంది. కిందటేడు సూటిబాటలో ఒక పెద్ద కారు ఇతని కారును దాటింది, దాటించినవాడు వెనుదిరిగి చేయి కూడా ఊపిపోయాడు. ఆ చేయూపు అతని కంట్లో నిలిచిపోయింది.

దానికి మందు సూపర్‌చార్జరు అనే యంత్రమని, కారు కొన్నాక పైనుంచి బిగించుకొనవచ్చునని ఇంగ్లీషు పుస్తకంలో చదివాడు. దానిని తెప్పించుకోవడానికి పర్మిటు దొరకలేదు. అప్పుడు వీరప్పను పిలిపించాడు.

"కాకా, ఇంజను గూడ మన లెక్కనే. దానికెంత దమ్ముంటే అంత గాలే పీలుస్తది. మనం బయటికెల్లి ఇంకింత గాలి జబర్దస్తిగ నూకితే, తాకత్ పెరుగుతది."

"ముక్కులకెల్లి నూకుతరా పటేలా, నోట్లెకెల్లా?"

"నోట్లెకెల్లే. ఇగో చూడు." బస్వరాజ్ కాగితం పరిచాడు. ఒక పెట్టె, అందులో ఎనిమిది అంకె ఆకారంలో రెండు దిమ్మెలు. ఇంజను బెల్టుతో అవి ఎదురుబొదురుగా తిరిగి గాలిని లోపలికి నెడతాయి. "అన్నిట్లకు ముఖ్యం ఇది. దిమ్మెలు ఒకదానికొకటి తగులద్దు. నడుమ గింత సందు ఉండాలె." జేబులోనుంచి పోస్టుకార్డు తీసి దాని అంచు చూపాడు.

వీరప్ప నవ్వాడు. ఆ నవ్వును తరువాత ఆయన ఎన్నిమార్లు తలచుకొన్నాడో ఆ శివునికే ఎరుక.

"సందు ఇడిస్తె చిక్కటి రసమే ఎనకకు ఉరుకుతది. గాలి ఉరకదా? ఆ ఇంగ్లీషోనికి బిగిచ్చుడు చాతగాక ఇడిచిండు, మీరు పుస్తకం రాసిండని నమ్మిన్రు. నేను జేస్తె వెంట్రుక దూరది."

బస్వరాజ్ ఒక్క క్షణం తటపటాయించాడు. కాని పది ఊళ్లు మెచ్చిన చేతిని కాదనడానికి అతనికి నోరు రాలేదు.

ఆ ప్రాంతపు పనివారికి ఒక కట్టు ఉంది. పని ఒప్పుకొన్న గుర్తుగా యజమాని చేతి తాంబూలం అందుకొని నమిలినవాడు ఆ పని తీరేదాకా మరొకరి తాంబూలం పట్టరాదు. అలాగే చేతిలో పని లేనివాడు, పదిమందిలో చాచిన తాంబూలాన్ని కాదనరాదు. బస్వరాజ్ తల్లి అనంతమ్మ పళ్లెంలో ఆకులు, పోకచెక్కలు, బెల్లం ముక్క పెట్టి తెచ్చింది. బస్వరాజ్ చేయి చాచాడు. వీరప్ప అందుకొని నమిలి, ఎవరూ అడగకుండానే, గేటు ఎదుట ఎత్తుకు పోయే బాట వైపు చేయి చూపి, ఆ వాడ మనుషులందరూ వినగా అన్నాడు.

"ఈ కారు టాపుగేరుల ఎర్రమట్టి చడావు ఎక్కి, పైకెల్లి హారన్ గొట్టినప్పుడు నా పని తీరినట్టు. అందాక ఇంకొకని ఇనుము ముట్ట. శివుని ఆన."

తాంబూలం కట్టింది సగమే. మిగిలిన సగం ముడి ఆయన తన నాలుకతో తానే వేసుకొన్నాడు.

లేతు మిషను పటేలు మోటరు కొట్టంలోకి చేరింది. శ్రావణంలో అల్యూమినియం కరిగించి దిమ్మెలు పోతపోశాడు, చెక్కాడు, అద్దంలా నునుపు చేశాడు. పెట్టెలో బిగించి చేత్తో తిప్పితే వాడలో బండి తోలే ఇస్సాకు తలగుడ్డ ఎగిరి అవతల పడింది. "దమ్ముపెట్టె" అని ఇస్సాకు పెట్టిన పేరే దానికి నిలిచింది.

కారుకు బిగించారు. బస్వరాజ్ గేటు దాటించాడు. అదివరకు వినని అరుపుతో కారు చడావు వైపు దూసుకుపోయింది. సగం చడావు ఎక్కిందో లేదో, ఇనుపకోడిని కోసినట్లు కీచుమన్నది. బెల్టు కాలిన కంపు గాలిలో తేలివచ్చింది. ఎద్దులను కట్టి కారును వెనుకకు లాక్కొచ్చారు.

పెట్టె విప్పితే దిమ్మెలు రెండూ కరచుకొని ఉన్నాయి. చల్లారాక మాత్రం వేలితో తిప్పినా తిరుగుతున్నాయి. వీరప్ప ఆలోచించాడు. ఎక్కడో వదులుంది, వదులుంది గనుక అదిరింది, అదిరింది గనుక తగిలింది. అందుకని బేరింగులు మార్చి ఇంకా బిగించాడు. ఈమారు చడావు మొదట్లోనే దిమ్మె ఇరుసు తెగింది. మళ్లీ పోతపోసి మళ్లీ బిగించాడు. బిగించినకొద్దీ పెట్టె త్వరగా పట్టేయసాగింది.

"కాకా, పుస్తకంల..." అని ఒకసారి బస్వరాజ్ అనబోయాడు.

"పుస్తకం చేతులు నల్లగ జేసుకోదు పటేలా" అని వీరప్ప ముఖం తిప్పుకొన్నాడు.

దసరా పోయింది, దీపావళి పోయింది, కార్తికం వచ్చింది. చెరకు గానుగలు సవరించుకొనే కాలం అది. ఇంటికి పోవడానికి వీరప్పకు ఎవరి అడ్డూ లేదు. కాని ఇంటి ముందు విరిగిన రోలర్లు పెట్టుకొని రైతులు కూర్చొని ఉండేవారు. వాళ్లు ఏమీ అనరు. ఆయనను చూసి లేచి నిలబడతారు, అంతే. ఆ నిలబడటాన్ని తట్టుకోలేక ఆయన ఇంటికి పోవడమే మానుకొన్నాడు. మోటరు కొట్టంలోనే స్నానం, లింగపూజ, పడక. పూజకు కూర్చొని కళ్లు మూస్తే అరచేతిలోని లింగానికి బదులు ఎదుట ఆ రెండు దిమ్మెలే తిరిగేవి.

"మామా, ఆ పెట్టె కారుకు దమ్ము నూకుతదనుకున్నం" అన్నాడు ఇస్సాకు, ఎద్దులకు కుడితి పెడుతూ. "అది నీ దమ్మే గుంజుకుంటున్నది గద."

కోహీరు నారమ్మ మాత్రం ఊరకుండే మనిషి కాదు. భర్త పోయాక బావికింది చెరకు తానే చేసుకొంటున్నది. ఆరిళ్లవాళ్లకు కలిపి ఉన్న ఒక్క గానుగా ఆమె చేనిలోనే ఉన్నది. దాని రోలరు పగిలింది. ఆమె నేరుగా పటేలు గేటు దగ్గరకే వచ్చి నిలబడింది.

"ఏం తమ్మీ, మా గానుగ పట్టిందనుకుంటే నీ నోరు గూడ పట్టిందా? పలుకవు?"

"అక్కా, మాట ఇచ్చిన."

"ఇయ్యి. ఎవరొద్దన్నరు? మా చెరుకు గూడ మాట ఇచ్చింది, పౌషం అమాస దాటితే బెండయిత అని. బీదరు మేస్త్రీని అడిగితే ఉగాది అన్నడు. ఉగాదికి బెండును నమిలి పచ్చడి జేసుకోవాల్నా?"

వీరప్ప తల వంచుకొన్నాడు. గేటుకు గొలుసు లేదు, తాళం లేదు. ఇనుప కడ్డీల అవతల ఆమె, ఇవతల తాను. దాటిపోయినా ఆమె గానుగను ముట్టలేడు. "నీకూ గానుగల పడ్డ గడకూ తేడా లేదు తమ్మీ" అని నారమ్మ బండెక్కింది.

ఆ వారంలోనే వాడలో పటేలు బండ్ల చక్రాలకు పట్టాలు వేశారు. పిడకల మంటలో ఇనుప పట్టా ఎర్రగా కాగింది. ఇస్సాకూ మరో ఇద్దరూ పట్టకార్లతో దానిని ఎత్తి కర్రచక్రానికి తొడిగారు. అప్పటిదాకా ఎక్కని పట్టా సులువుగా జారి కూర్చుంది. నీళ్లు పోయగానే బుస్సుమని ఆవిరి లేచి, పట్టా బిగుసుకొని, చక్రం టకటకమన్నది.

కొట్టం అరుగు మీద కూర్చొన్న వీరప్ప చేతిలోని రొట్టెముక్క నోటిదాకా రాలేదు.

కాగిన లోహం ఉబ్బుతుంది. ఈ సంగతి ఆయనకు తెలియనిదా? బండి చక్రం చూసిన ప్రతివానికీ తెలుసు. కాని ఆయన పుట్టి బుద్ధెరిగిన తరువాత చేసిన రోలర్లన్నీ గానుగలోనివే. పొద్దంతా చెరకు రసం వాటిని కడుగుతూనే ఉంటుంది. తన చేతి రోలరు వేడెక్కగా ఆయన ఎన్నడూ చూడలేదు. ఇంజను పక్కన సలసల కాగే దిమ్మెలకు చల్లని గానుగ లెక్క వేశాడు. చల్లారితే తిరిగేవి, కాగితే కరచుకొనేవి. తాను బిగించిన ప్రతి బిగువూ తన మెడకే బిగించుకొన్నాడు.

లేచిపోయి బస్వరాజ్ ఎదుట చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"పటేలా, ఆ కార్డు ఉన్నదా?"

"ఏ కార్డు?"

"సందుకు చూపిచ్చిన్రు గద. మీరు చెప్పిందే ఖరా. నేనే మొండి పట్టిన."

బస్వరాజ్ ముఖంలో మొదట ఆశ్చర్యం, తరువాత నవ్వు వచ్చాయి. పెద్దమనిషిని నొప్పించని నవ్వు అది. ఆనందం పట్టలేక తన మనసులోని మాట కూడా చెప్పేశాడు. "ఇది గిన కుదిరితే కాకా, ఇసుంటి కార్లున్నోళ్లు బొంబాయిల, పూనాల మస్తుమంది ఉన్నరు. పర్మిటు ఎవనికీ దొరుకది. అందరికీ నువ్వే చెయ్యాలె. కారు చడావు దిగి రాంగనే రెండో తాంబూలం నా చేతులకెల్లే. అమ్మకు చెప్పి పెట్టిన."

వీరప్ప లోలోపల లెక్క వేసుకొన్నాడు. పని చేయకపోతే ఈ ముడి వీడదు. చేస్తే ఖాళీ చేతులతో పదిమందిలో నిలబడి ఉంటాడు, కాదనలేడు, రెండో ముడి పడుతుంది. అడకత్తెరలో పోకచెక్కకు రెండు వైపులా అంచే.

దిమ్మెలను కార్డు మందాన అరగదీస్తూ ఆయన తన మాటను అక్షరమక్షరంగా తిప్పి చూసుకొన్నాడు. కారు చడావెక్కి హారన్ కొట్టినప్పుడు పని తీరినట్టు అన్నాడు. దిగివచ్చినప్పుడు అనలేదు. ఎక్కడానికీ దిగడానికీ మధ్య కొంచెం ఎడముంది. ఆయన ఇస్సాకును పిలిచాడు.

"అల్లుడా, సోమారం పొద్దున నారమ్మక్కను గేటు కాడికి రమ్మను. కొంగుల ఆకులు, పోకలు కట్టుకొని రమ్మను."

ఇస్సాకు ఆయన ముఖంలోకి చూసి, గట్టిగా నవ్వబోయి, నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకొన్నాడు.

సోమవారం బస్వరాజ్ కారెక్కాడు. కారు గేటు దాటింది. వీరప్ప గడపకు ఇవతల నిలబడి చెవులు రిక్కించాడు. ఇంజను అరుపు మొదటి గేరు, రెండు, మూడు దాటి టాపుకు చేరింది. ఎర్రదుమ్ము చడావు వెంట పైకి పాకుతున్నది. సగం ఎక్కింది. మునుపు కీచుమన్న చోటు వచ్చింది. వీరప్ప చేయి తెలియకుండానే లింగం మీదికి పోయింది. కీచుమనలేదు. దుమ్ము పైకి, ఇంకా పైకి పోయింది.

వాడ అరుగు మీద అనంతమ్మ పళ్లెం పట్టుకొని లేచింది. "ఎక్కినట్టున్నది గద, వీరప్పా!" అంటూ మెట్లు దిగసాగింది. కొడుకు వచ్చేదాకా ఆగాలని ఆమెకు తోచలేదు. తాంబూలం తల్లి ఇస్తేనేమి, కొడుకు ఇస్తేనేమి?

గేటు అవతల నారమ్మ కొంగు ముడి విప్పుతున్నది. ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగుతున్నది.

అనంతమ్మ చివరి మెట్టు దిగింది. హారన్ లేదు. హారన్ లేనిదే వీరప్ప మరొకరి ఆకు పట్టలేడు. హారన్ వినిపించాక పళ్లెమే మొదట తన ముందుకు వస్తే కాదనలేడు. ఆయన నొసటి విభూతి చెమటకు కరిగి కంట్లోకి జారింది.

చడావు పైనుంచి పొడవుగా, పిల్లవాని కేకలా, హారన్ మోగింది.

వీరప్ప గడప దాటాడు. నారమ్మ నలిగిన ఆకులను అరచేతిలో పెట్టింది. ఆయన వాటిని ఈనె కూడా తీయకుండా, సున్నం కోసం చూడకుండా, పోకతో సహా నోట పెట్టుకొని కసకస నమిలాడు. వెనుక అనంతమ్మ పళ్లెంతో అక్కడే నిలిచిపోయింది.

కారు దిగివచ్చేసరికి బస్వరాజ్ కనుబొమల దాకా ఎర్రదుమ్ము కమ్ముకొని ఉంది. "కాకా, ఎక్కింది! చిరుత లెక్క ఎక్కింది!" అంటూ దూకి, వీరప్ప నోరు చూసి ఆగాడు.

"ఎవలిది?"

"నారమ్మక్కది. హారన్ ఇన్నంక."

బస్వరాజ్ తల్లిని చూశాడు, నారమ్మను చూశాడు. దవడ బిగిసింది, తరువాత మెల్లగా వదులైంది. "మాట మంచిగనే తిప్పినవ్ కాకా."

"తిప్పలే పటేలా. అన్నదే చేసిన."

బస్వరాజ్ తల్లి చేతిలోని పళ్లెం అందుకొని కారు ముందరి రేకు మీద పెట్టాడు. కాగిన రేకు మీద ఆకుల అంచులు అప్పుడే ముడుచుకొంటున్నాయి. "గానుగలు ఫాల్గుణంల బందయితయి. అప్పటికి కొత్త ఆకులు తెప్పిస్త" అన్నాడు నెమ్మదిగా.

వీరప్ప లేతు మిషనును ఇంటికి చేర్చమని ఇస్సాకుకు చెప్పాడు. నారమ్మ బండి వెనుక ఎక్కి కూర్చున్నాడు.

"ఇగ ఫాల్గుణం దాక నువ్వు నా చేతుల ఉన్నవ్ తమ్మీ" అంది నారమ్మ, ఎద్దులను అదిలిస్తూ. "రోలరు గట్టిగ బిగియ్యాలె. చీమ గూడ ముట్టద్దు."

"బిగిస్త అక్కా."

బండి కోహీరు బాట పట్టింది. వెనుక వాడలో కారు మళ్లీ మొదలైంది. బస్వరాజ్ ఇంకొక మారు చడావెక్కిస్తున్నాడు కాబోలు. చక్రాల చప్పుడు నడుమ నారమ్మ గానుగ సంగతి ఏదో చెబుతూనే ఉంది. వీరప్పకు ఒక్క మాటా వినబడలేదు. నోటిలోని పోకను నమలడం ఆపి, ఊపిరి బిగబట్టి, ఆ పెట్టె దమ్ము టాపుగేరులో నిలిచిందా లేదా అని వెనుకకే చెవి ఒగ్గి కూర్చున్నాడు.