జర్గల్ ఇంటి వెచ్చటి మరుగుదొడ్డి

బస్తీ బాగుచేసేవాళ్ళు నమూనా కోసమని జర్గల్ పెరట్లో వెచ్చటి మరుగుదొడ్డి కట్టించిన నాటి నుంచి ఖండ్మాకు తిన్నది ఒంటబట్టడం లేదు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ కొండవాలంతా వెతికితే వాళ్ళకు ఆ జర్గలే దొరికిందా? మంచుకు మందలన్నీ చచ్చిపోయిన ఏడాది ఇద్దరూ ఒకే లారీలో గుడారాలు ఎక్కించుకుని వచ్చినవాళ్ళే. నిన్నటిదాకా ఇద్దరికీ ఒకేలాంటి చెక్క కంచె, ఒకేలాంటి గుంట దొడ్డి. ఇప్పుడు ఆవిడకు దీపమూ, వేడి గొట్టమూనా! వీధి వీధంతా వెళ్ళి చూసొచ్చింది. ఖండ్మా మాత్రం గడప దాటలేదు.

మిగతా ఇళ్ళకూ గొట్టాలు వేస్తామన్నారు. కాకపోతే తవ్వే యంత్రం పట్టాలంటే అందరూ కంచెలు వెనక్కి జరపాలి. ఏటా కాస్త కాస్త వీధిలోకి తోసుకొచ్చిన కంచెలే కాబట్టి, సణుక్కుంటూనే అందరూ జరిపారు. ఖండ్మా జరపలేదు. దాంతో వీధి మొత్తానికి పని ఆగిపోయింది.

వీధి పెద్దగా ఎన్నికైన జర్గల్ వచ్చి మంచిగానే అడిగింది.

"ఈ చలిలో పెద్దామె గుంట దాకా నడవగలదా, అక్కా?"

"మా అత్త సంగతి నీకెందుకు? నీకు దొరికింది చాలక, మాకు తెచ్చిపెట్టావన్న పేరు కూడా కావాలేం?"

ఆ వారమే అత్త త్సెవెల్ గుంట దగ్గర గడ్డకట్టిన పలకల మీద జారి పడింది. మర్నాటి నుంచి కర్ర పట్టుకుని తిన్నగా జర్గల్ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. పొద్దున వెళితే ఎండెక్కాక వచ్చేది, చేతిలో గిన్నెడు వేయించిన రొట్టె ముక్కలతో. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, ఖండ్మా వెతికి వెతికి పాతబడి రాయిలా అయిన ఎండు పెరుగు బిళ్ళలు అందులో వేసేది, తిన్నవాళ్ళ పళ్ళు రాలిపోవాలని.

జర్గల్ కాచే ఉప్పు టీలో ఉప్పు ఎంత సరిగ్గా పడుతుందో అత్త చెబుతుంటే ఖండ్మా ఒళ్ళు మండిపోయేది. ఇన్నేళ్ళుగా ఆ తల దువ్వింది, ఆ మోకాళ్ళకు కొవ్వు రాసింది తను. తన టీ బాగుందని ఒక్కనాడైనా అందా? ఆ ఒక్క మాట కోసం ఖండ్మా ప్రాణం ఎంత కొట్టుకుంటోందో ముసలామెకేం తెలుసు!

నేల మంచు కరగగానే ఖండ్మా గడ్డపార తీసుకుని కంచె తనే పీకేసింది. బుద్ధొచ్చిందనుకున్నారు చుట్టుపక్కలవాళ్ళు. బుద్ధీ లేదు, పాడూ లేదు. అత్త మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు, అంతే. వేసవిలో గొట్టాలు పడ్డాయి. చలి వచ్చేసరికి ఖండ్మా ఇంట్లో దొడ్డి తయారైంది. జర్గల్ ఇంటి దీపంకంటే పెద్దది పెట్టించింది ఖండ్మా, కాళ్ళకింద తివాచీ ముక్క పరిచింది. అత్తను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. బాగుందంది ముసలామె. ఆ రాత్రి ఖండ్మాకు హాయిగా నిద్రపట్టింది.

తెల్లవారగానే అత్త తలకు గుడ్డ చుట్టుకుని కర్ర అందుకుంది.

"ఎక్కడికి అత్తయ్యా? ఇంట్లోనే ఉందిగా ఇప్పుడు."

"ఉంది, కాదనను. నేను జర్గల్ దగ్గరికి వెళుతున్నా."

"ఇంకా ఏముంది అక్కడ?"

"ఏముంటుంది? కూచుంటాం. రాత్రి నిద్రపట్టిందా అని అడుగుతుంది. మా ఊరి గుర్రాల గురించి చెప్పమంటుంది."

"నేను నీకేం తక్కువ చేశాను?"

"తక్కువేం లేదమ్మా. నీలా చేసేవాళ్ళు ఎవరున్నారు? కానీ చేస్తున్నంతసేపూ జర్గల్ గురించే మాట్లాడతావు. నా గురించి ఎప్పుడైనా అడిగావా?"

ఖండ్మా జవాబు చెప్పబోయింది. నోటిదాకా వచ్చింది మళ్ళీ జర్గల్ పేరే.