పేరు లేని దండోరా

కోసిగి దిక్కు ఊళ్లలో కూలీలు సుగ్గికని పనులు వెతుక్కుంటూ వలస పోయారంటే సగం ఇళ్లకు తాళాలే. అలాంటి ఒక మిట్టమధ్యాహ్నం, నాలుగు రోజులకు పొరుగూరి నుంచి తిరిగొచ్చిన ఊరి దండోరా మనిషి నెహెమ్యా బావి దగ్గర ఆగిపోయాడు. రోజూ బిందెలు బారులు తీరే గట్టు మీద ఒక్క తడి మచ్చ లేదు.

బావి గలామె భీమమ్మ మూట కట్టుకుని గడపలో కూర్చుంది.

"యాడికి పోతాండావక్కా?"

"యాడికో. నా బావి నీళ్లు తాగితే సస్తారంట. పొద్దుగూకే లోపల ఊరు ఇడిసిపొమ్మన్నారు."

నెహెమ్యా భార్య మహిమకు చివరి రోజుల్లో ఈ బావి నీళ్లొక్కటే గొంతు దిగేవి. అడగకుండానే భీమమ్మ రోజూ ఒక చెంబు తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్లేది.

"రోంతసేపు ఉండక్కా," అని అతను ఊళ్లోకి నడిచాడు.

ఆ మాట ఎవరన్నారని అడిగితే, టీ కొట్టు గోపన్న తనకు తిరుపతమ్మ చెప్పిందన్నాడు. వాకిలి ఊడుస్తున్న తిరుపతమ్మ చీపురు ఆపి అతణ్ణి వింతగా చూసింది.

"నన్నడుగుతావేమప్పా? చెప్పింది నువ్వే గదా! మూడు దినాలుగా ఇంటాండాం."

నెల రోజులుగా అతను తప్పెట ముట్టుకోలేదు.

అప్పుడే వినిపించింది. తాళాలు వేసిన ఇళ్ల వెనక నుంచి, అతని గొంతే. "బావి నీళ్లు తాగొద్దహో! పాణానికి ముప్పహో!"

గొంతు వెంట పోతే సందు చివర ఒక ఆటో. లోపల మనిషి లేడు. పైన మైకు అరుస్తూనే ఉంది.

పోయిన నెల క్యాన్ల నీళ్లమ్మే ప్లాంటు మనిషి ఈ మాటలే చెప్పించి ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ఎవరి మాటో ముందు చెప్పకుండా దండోరా వేయకూడదని నెహెమ్యా తాతల కట్టడి. "పేరెందుకులే పెద్దాయనా, ఊరి మంచికే," అన్నాడతను. నెహెమ్యా సరేనన్నాడు.

భీమమ్మ పేరు మాత్రం తను అనలేదు. అది ఊరు కలిపింది. ఎవరు కలిపారంటే చెప్పేవాళ్లు లేరు.

ఇంటికి పోయి తప్పెట తెచ్చాడు. బావి దగ్గర మూడు దెబ్బలు కొట్టాడు.

"ఇది నెహెమ్యా మాటహో! నీళ్ల ప్లాంటోళ్లు చెప్పమంటే చెప్పినా. వాళ్ల పేరు దాసినా. తప్పు నాదే!"

తాళాలు విన్నాయి. భీమమ్మ మూట విప్పి గ్లాసు తీసి, నీళ్లు తోడి ఇచ్చింది. గటగటా తాగి మళ్లీ తప్పెట అందుకున్నాడు.

కాసేపటికి తిరుపతమ్మ బిందెతో సందు మలుపు దాకా వచ్చి నిలబడిపోయింది. ముందు బావి దగ్గర నుంచీ నెహెమ్యా గొంతే, వెనక ఆటో మైకు నుంచీ నెహెమ్యా గొంతే.

ఆమె ముందుకు నడిచింది.