తిరగేసిన లెన్సు

"గడ్డం కొంచెం పైకి," అన్నాడాయన.

స్టూలు మీద కూర్చున్నావిడ గడ్డం ఎత్తింది. చెవులు రెండూ కనబడుతున్నాయి, వెనక నీలం తెర ముడత లేకుండా ఉంది. కెమెరా క్లిక్కుమంది.

ఇరవై ఆరేళ్లుగా రోజుకి ముప్ఫైసార్లు ఆ మాటే అంటున్నాడు గనక వీధి వీధంతా ఆయన్ని గడ్డంపైకి మాస్టారనే పిలుస్తుంది. అసలు పేరు స్టూడియో యజమానికైనా గుర్తుందో లేదో. మనిషి సన్నగా ఉంటాడు. ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. చూపుడువేలి కొస నున్నగా అరిగిపోయింది.

పాస్‌పోర్టు ఫొటోలు తిండి పెడుతున్నా, ఆయన ప్రాణమంతా చిన్నవాటి మీదే. చీమ మీసం, ఉప్పురవ్వ మూల, ఆకు మీది నూగు. వాటిని తీసే లెన్సు కొనాలంటే ఆర్నెల్ల జీతం ఒక్కసారే పోయాలి. అందుకని పాత లెన్సునే తిరగేసి, ముందుభాగం కెమెరాలోకి పెట్టి, నీళ్లసీసా మూత కోసి చేసిన చట్రంతో బిగించుకున్నాడు. తిరగేస్తే అదే గాజు చీమని పిల్లిపిల్లంత చేసి చూపిస్తుంది. వెలుగు మెత్తబడాలని టార్చికి పల్చటి తెల్లకాగితం చుట్టేవాడు. ఊపిరి బిగబట్టి, ఒళ్లు వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ తీయాలి. టార్చి పట్టుకునేది ఆయన భార్య.

"చీమని కూడా గడ్డం పైకెత్తమంటారా?" అని నవ్వేది.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఆమె తన వీపు మీది పుట్టుమచ్చ దురద పెడుతోందంది. "నాకు కనబడి చావదు. మీరొకసారి చూద్దురూ."

చూడమంటే కెమెరా తెచ్చాడు. వెలుతురుకి వీపు పెట్టి కూర్చోమని పదకొండు ఫొటోలు తీశాడు. ఏడోది కుదిరింది. మచ్చ అంచు ఒక పక్కకి కరిగిన మైనంలా పాకి ఉంది. నలుపులో నీలం, నీలంలో ఎరుపు. అలాంటి రంగులు తన కెమెరాలో ఎన్నడూ పడలేదని పొంగిపోయాడు.

"ఏమైనా ఉందాండీ?"

"ఏం లేదు, మామూలు మచ్చే. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది."

ఆమె రవిక సర్దుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏడాది తర్వాత డాక్టరు ఆ మచ్చ కోసి పరీక్షకి పంపి, "ఇలా పాకుతుంటే ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు. వెనక కుర్చీలో మాస్టారు మందులచీటీ మడతలు పెడుతున్నాడు. "వీపు కదండీ, ఎవరికి కనిపిస్తుంది!" అంది ఆమె, ఆయన తరఫున.

అప్పట్నుంచీ ఆ ఏడో ఫొటో గొంతులో ముల్లులా ఉండిపోయింది. చూశానని చెప్పాలి. రంగులు చూసి నిన్ను చూడలేదని చెప్పాలి. రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు. క్యాన్సరు ముదిరిపోయింది, ఇక చేసేదేం లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేసి పది రోజులైంది.

ఈ పొద్దున సెలవు పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు. "ఇక్కడ కూర్చుని నా మొహం చూస్తే ఏమొస్తుంది? వెళ్లండి. మా అక్కుందిగా." చెప్పులు వేసుకుంటూ ఆయన తేల్చుకున్నాడు. సాయంత్రం రాగానే చెప్పెయ్యాలి. తిట్టనీ, ఏడవనీ.

"మాస్టారూ!" స్టూలు మీదావిడ లేచి కంప్యూటరు దగ్గరికొచ్చింది. "బుగ్గ మీద ఆ మచ్చ తీసేయండి. కొత్త ఉద్యోగానికి పంపాలి."

"ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?"

"పుట్టినప్పట్నుంచీ."

"పెరిగిందా? దురద గానీ..."

"బాబోయ్! మా అత్తగారు కూడా ఇంతలా ఆరా తీయలేదు!"

ఆయన ఒక్క నొక్కు నొక్కాడు. మచ్చ పోయింది. చుట్టూ ఉన్న చర్మం వచ్చి ఆ చోటు కప్పేసింది, అక్కడెప్పుడూ ఏమీ లేనట్టు. అంత సులువుగా పోవడం ఆయన చూడలేకపోయాడు. మళ్లీ నొక్కి మచ్చని దాని చోట పెట్టేశాడు.

"ఉండాలమ్మా. తీసేస్తే మీరు కాదంటారు వాళ్లు." ఫొటోలు కత్తిరించి కవర్లో పెట్టి ఇస్తూ, "డాక్టరుకొకసారి చూపించండి. ఊరికే," అన్నాడు.

ఆవిడ వింతగా చూసి వెళ్లిపోయింది.

మూడున్నరకి ఇంట్లో ఉన్న వదిన, భార్య అక్క, ఫోన్ చేసింది. "మరిదిగారూ, ఇంటికి రండి." గొంతులో తొందర లేదు. తొందర లేకపోవడంతోనే ఆయనకి తెలిసిపోయింది.

మంచం చుట్టూ సర్దేసి ఉంది. "నిద్రలోనే," అంది వదిన. "నేను మంచినీళ్లు తెచ్చేలోపే."

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమె మొహం ఒక పక్కకి తిరిగి ఉంది. ఎదురుగా మనిషి వింటున్నట్టే, "చూశానే," అన్నాడు. "అప్పుడే చూశాను. ఏం లేదన్నాను."

వదినకి అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటున్నాడనుకుంది. ఆయన భుజం మీద చెయ్యేసి, రెండో చేతిలోది ఆయన గుప్పిట్లో పెట్టింది.

"మీరు రాగానే ఇమ్మంది. పొద్దున దిండు పక్కన పడుందట. దూది కావాలని నన్ను రెండుసార్లు తిప్పింది. నలిగితే మీకు పనికిరాదంట."

అగ్గిపెట్టె. లోపల దూది మీద పచ్చగా మెరిసే పెంకుపురుగొకటి, కాళ్లు ఆరూ విరక్కుండా, తల కొంచెం పైకి ఆనించి పెట్టి ఉంది.